ఫోటోలో పడని మనిషి

స్పీడ్ బ్రేకరు తీసేశారు గాని, ముందు స్పీడ్ బ్రేకరు ఉందని చెప్పే పసుపుపచ్చ బోర్డు మాత్రం తీయలేదు. ఆ ఆదివారం పొద్దున త్రినాథరావు ఆ బోర్డు కిందే మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో కెమెరా ఉంది. దాని పట్టీ మెడలో వేసుకుని, మళ్లీ చేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు.

జూబ్లీ హిల్స్ నుంచి దిగే రోడ్డు అక్కడ మలుపు తిరిగి, ఫిల్మ్ నగర్ ఇళ్ల మధ్య నుంచి షేక్‌పేట వైపు పోతుంది. మంచి వాలు. మలుపు దాటిన బండి ఊరికే వదిలేసినా జోరందుకుంటుంది. తొక్కితే ఇక చెప్పక్కర్లేదు. రోడ్డు అంచున తారు కింద నుంచి ఇంకా తెల్లరంగు పెచ్చులు కనిపిస్తున్నాయి. స్పీడ్ బ్రేకరు మొదలయ్యేది అక్కడే.

ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. రోడ్డు మీదికి దిగలేదు. త్రినాథరావు షట్టరు వెయ్యి మీద పెట్టాడు. అంటే సెకనులో వెయ్యో వంతు. అంత కొద్దిపాటి వెలుతురులో వెయ్యి పెడితే బొమ్మ నల్లగా వస్తుందని ఐఎస్ఓ పెంచాడు. కాస్త గరుకుగా వచ్చినా ఫరవాలేదు, బండి అలుక్కుపోకూడదు. నంబరు ప్లేటు చదవగలిగితే చాలు.

ముప్ఫై ఏళ్లకు పైగా సినిమాల్లో స్టిల్స్ తీసిన మనిషి. అక్కడి పద్ధతి వేరు. షాటు ఓకే అయ్యాక ఆయన ముందుకొచ్చి "స్టిల్ సార్" అనేవాడు. హీరో ఎత్తిన కత్తి ఎత్తినట్టే పట్టుకునేవాడు. పక్కన పడిపోయిన ఫైటర్లు మళ్లీ సగం పడినట్టు ఒంగేవారు. ఆయన నొక్కేదాకా ఎవరూ కదిలేవారు కాదు. తన కోసం ఆగనివాటిని తీయడం ఆయనకు అలవాటు లేదు.

రోడ్డుకు అవతల పాలబూతు దగ్గర అనసూయమ్మ నిలబడి ఉంది. షేక్‌పేట నుంచి వచ్చి ఆయన ఇంట్లో వంట చేస్తుంది. వస్తూ వస్తూ పాలు తెస్తుంది. రెండు నెలల క్రితం దాకా పాలు తెచ్చే పని ఆమెది కాదు.

"ఏంది సారూ, గీడ కూసున్నరు? షూటింగా?" అని అటునుంచే అరిచింది.

"అక్కడే ఉండు అనసూయమ్మా. దాటేటట్టు నిలబడు. దాటకు."

"దాటకుంట దాటేటట్ల ఎట్ల నిలబడాలె? ఈ వయసుల నన్ను హీరోయిన్ను చేస్తరా ఏంది?"

"నవ్వకు. అటు పై వైపు చూడు. ఒక కాలు ముందుకు పెట్టు. ఆఁ, అంతే."

"నాకు జెప్పుడు గాదు సారూ. ఆ బండ్లోళ్లకు జెప్పుండ్రి, జర నిమ్మలంగ రమ్మని."

పైనుంచి చప్పుడు వినిపించింది. ముందు ఉరుములా మొదలై, మలుపులో చీలినట్టయింది. నారింజరంగు స్పోర్ట్స్ కారు, నేలకు జానెడెత్తులో ఉంది. త్రినాథరావు మూడుసార్లు నొక్కేసరికే అది కిందికి వెళ్లిపోయింది. అనసూయమ్మ పైట భుజం మీదనుంచి లేచి మొహాన పడింది.

"వాని బొంద వెట్ట!" అంది పైట లాక్కుంటూ.

ఆయన కెమెరా వెనక తెర మీద చూసుకున్నాడు. ఎక్కడా వంక లేదు. నంబరు చదవొచ్చు. స్టీరింగు మీద కుర్రాడి వేళ్లు లెక్కపెట్టొచ్చు. చక్రంలో పుల్లలు దేనికది విడివిడిగా ఉన్నాయి. అనసూయమ్మ చేతిలో పాల పేకెట్టు నుంచి రాలబోతున్న నీటి చుక్క కూడా గాలిలో ఆగి ఉంది.

ఆయన భార్య అమ్మాజీ కూడా అక్కడే నిలబడేది. ఆ చోట బండ్లు నెమ్మదిస్తాయని ఏళ్ల తరబడి అలవాటు. స్పీడ్ బ్రేకరును ఒక్క రాత్రిలో గీకేశారు. అలవాటును అట్లా గీకడానికి వీల్లేదు. ఆ వారంలోనే ఎప్పటిలా పాలు తీసుకుని, ఎప్పటిలా రోడ్డు మీదికి అడుగు పెట్టింది. ఆమెను గుద్దిన బండి వేరు, దాని కేసు వేరు. అది కోర్టులో ఎప్పటికో తేలుతుంది. త్రినాథరావుకు కావలసింది స్పీడ్ బ్రేకరు. మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. అది మళ్లీ అక్కడ వేస్తే చాలు.

కాలనీ సంఘం కార్యదర్శి వెంకటేశ్వరరావు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. భీమవరం వైపు వాళ్లు. త్రినాథరావు వెళ్లేసరికి వరండాలో పేపరు చదువుతున్నాడు.

"రండి రండి. కూర్చోండి. భోజనం అదీ సరిగ్గా చేస్తున్నారా?" అని లోపలికి తిరిగి, "ఏమోయ్, త్రినాథరావు గారొచ్చారు" అని కేకేశాడు.

ఆయన భార్య శారదాదేవి కాఫీ తెచ్చింది. పంచదార లేదని చెప్పి ఇచ్చింది. అమ్మాజీ ఆమెకు చెప్పి ఉంటుంది ఎప్పుడో.

వెంకటేశ్వరరావు ఫోటో అందుకుని కళ్లజోడు మార్చుకున్నాడు.

"అబ్బ, ఎంత క్లియరుగా ఉందండీ! పేకెట్టు మీద అక్షరాలు కూడా తెలుస్తున్నాయి."

"బండి నంబరు కూడా తెలుస్తుందండీ."

"తెలుస్తోంది, తెలుస్తోంది." ఆయన ఫోటోను కొంచెం దూరంగా పట్టుకున్నాడు. "కానీ ఇది ఆగి ఉందండీ."

"ఆగలేదండీ. ఎనభైకి తక్కువ లేదు."

"మీరు చెప్తే నేను నమ్ముతాను. నమ్మాల్సింది మన అర్జీ చూసే మునిసిపల్ ఇంజినీరు. చూడండి, చక్రాలే తిరగట్లేదు. ఈవిడ దాటడానికి నిలబడింది, ఆ అబ్బాయి బండి ఆపాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంటారు దీన్ని చూస్తే."

శారదాదేవి భర్త భుజం మీదుగా చూసింది. "అవునండీ అన్నయ్యగారూ. దారిచ్చినట్టే ఉంది."

త్రినాథరావు ఫోటో తీసుకుని మళ్లీ చూశాడు. అప్పటిదాకా ఆయన కంటికి అది పరిగెత్తే బండే. ఇప్పుడు షోరూము అద్దాల వెనక పెట్టినట్టుంది.

"ఫోన్లో వీడియో తీసి చూపిస్తేనో?"

"వీడియోని కాగితానికి ఎలా అంటిస్తామండీ? అర్జీకి ఫోటోలు జతచెయ్యమంటారు. స్పీడ్ బ్రేకరు తీసెయ్యమని అర్జీ పెట్టినవాళ్లు కూడా ఫోటోలే పెట్టారు. బండి అడుగున గీసుకుపోయిన గీతలు. ఎంత బాగా తీశారో! ఒక్కో గీతా స్పష్టంగా కనపడింది."

గీతలు ఆగే ఉంటాయి. ఎంతసేపైనా తీసుకోవచ్చు. త్రినాథరావు కాఫీ తాగి లేచాడు.

ఆ నారింజరంగు బండి జిమ్ము నుంచి తిరిగొచ్చే కుర్రాడిదని, రోజూ అదే వేళకు వస్తుందని పాలబూతు వాళ్లు చెప్పారు. మర్నాడు త్రినాథరావు కెమెరాను స్టాండుకు బిగించి, షట్టరు వేగం బాగా తగ్గించాడు. కెమెరా కదలదు. కదిలేది బండి ఒక్కటే. వేగం ఉంటే అది తప్పకుండా తెలియాలి.

తెలిసింది. అనసూయమ్మ ఫోటో తెర మీద చూసి సంబరపడింది.

"నేనైతే మంచిగనే పడ్డ. బండేది సారూ?"

బండి లేదు. రోడ్డు మీద ఎవరో పసుపూ కుంకుమా కలిపి తడిచేత్తో రాసినట్టు ఒక మరక ఉంది. అది బండి అని చెప్పాలి. ఏ బండి అంటే చెప్పలేం. ఆ ఫోటోను ఆయన వెంకటేశ్వరరావు దాకా తీసుకెళ్లలేదు.

ఇక మిగిలింది ఒక్కటే. బండితోపాటు కెమెరా తిరగాలి. షట్టరు అరవై మీద పెట్టి, బండి దూరంగా ఉన్నప్పుడే దాన్ని వ్యూఫైండరులో పట్టుకుని, అది ఎంత జోరుగా వస్తే అంత జోరుగా తిరుగుతూ మధ్యలో నొక్కాలి. లెక్క కుదిరితే బండి నిలుస్తుంది, లోకం అలుక్కుపోతుంది. చేతులతో తిప్పితే బొమ్మ వణుకుతుంది. మోచేతులు డొక్కలకు ఆనించి, బండి ఎక్కడ ఎదురుగా వస్తుందో అటు పాదాలు పెట్టి, నడుమును మాత్రం వెనక్కు మెలిపెట్టి నిలబడాలి. తాడు విప్పుకున్నట్టు ఆ మెలిక విడిపోవాలి. నొక్కగానే ఆగకూడదు. నొక్కాక కూడా తిరుగుతూనే ఉండాలి.

రెండు రోజులు ఆయన దొరికినవాటి మీదల్లా సాధన చేశాడు. ఆటోలు తీశాడు. స్కూటర్లు తీశాడు. స్టూడియో వైపు జనరేటరు లాక్కుపోయే వ్యాను తీశాడు. ఒక్కోదానికి ముందు భాగం వచ్చి వెనక భాగం పోయేది. ఒక్కోసారి బండి వెళ్లిపోయాక ఖాళీ రోడ్డు వచ్చేది. మోకాళ్లు పట్టేశాయి. అనసూయమ్మ కొబ్బరినూనె వేడిచేసి ఇచ్చి, "గీ వయసుల డాన్సు నేర్చుకుంటుండ్రా?" అంది.

మూడోరోజు పొద్దున చప్పుడు వినగానే త్రినాథరావు ఊపిరి సగం వదిలి, సగం ఆపాడు. బండి వ్యూఫైండరులోకి వచ్చి అక్కడే కూర్చున్నట్టయింది. అది కదలడం లేదు, ఆయనా కదలడం లేదు, చుట్టూ ఉన్న ఫిల్మ్ నగరే గిర్రున తిరుగుతోంది. నొక్కాడు. ఇంకా తిరిగాడు. బండి కిందికి దిగిపోయాక గాని నడుము నిలబెట్టలేదు.

తెర మీద నారింజరంగు బండి నిప్పుకణికలా ఉంది. నంబరు, అద్దాలు, కుర్రాడి చెంప, అన్నీ నిలిచాయి. చక్రాలు సుడులు తిరుగుతున్నాయి. వెనక గోడలూ చెట్లూ గేట్లూ అన్నీ ఒకే వైపు దువ్విన జుట్టులా సాగిపోయాయి. త్రినాథరావు దాన్ని పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు. ఇంటికొచ్చి కంప్యూటరు మీద చూస్తూ కూర్చున్నాడు. అనసూయమ్మ రెండుసార్లు పిలిచినా పలకలేదు. టిఫిను చల్లారిపోయింది. ఆ రెండు నెలల్లో ఆయనకు అమ్మాజీ గుర్తురాని పొద్దు అదొక్కటే. ఆ సంగతి ఇడ్లీ తుంచుతుంటే స్ఫురించింది. తుంచిన ముక్క అలాగే పళ్లెంలో పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

"ఇదండీ ఫోటో అంటే!" అన్నాడు వెంకటేశ్వరరావు. "ఇది చూసి స్పీడు లేదనమనండి ఎవడినైనా. నాకు ఫోనుకు కూడా పంపండి. అర్జీ మీద సంతకాలు పెట్టాలంటే ముందు కమిటీ వాళ్లు చూడాలి కదా, గ్రూపులో పెడతాను."

సాయంత్రానికి కాలనీ గ్రూపంతా చప్పట్లు, దండాలు, నిప్పు బొమ్మలు. సూపర్ సార్ అన్నారు. చెయ్యి ఇంకా అలాగే ఉంది మాస్టారూ అన్నారు. ఆ బండి కుర్రాడి తండ్రి కూడా గ్రూపులోనే ఉన్నాడు. పెద్ద సైజు కాపీ కావాలని అడిగాడు. స్పీడ్ బ్రేకరు మాట ఎవరూ ఎత్తలేదు.

శనివారం వెంకటేశ్వరరావు ఫోను చేశాడు. గొంతులో కాస్త మొహమాటం ఉంది.

"త్రినాథరావు గారూ, కమిటీలో మాట్లాడామండీ. మన సాయిశ్రీనివాస్ గారు తెలుసు కదా, ప్రొడక్షన్ మేనేజరు. ఆయనొక మాటన్నారు. ఇది తిప్పి తీసిన ఫోటో, నలభైలో వెళ్లే బండినైనా ఇలాగే తీయొచ్చు అన్నారు. నిజమేనాండీ?"

త్రినాథరావు "నిజమేనండీ" అన్నాడు.

"పైగా మీరే అప్పట్లో వాళ్ల పిక్చరుకు ఇంజనే లేని కారును నలుగురి చేత తోయించి ఇలాగే తీశారట కదా. పోస్టరు మీద అది గాల్లో పోతున్నట్టే ఉండేదట. ఆయన చెప్తుంటే అందరం నవ్వాం, తప్పుగా అనుకోకండి. ఇంజినీరుకు ఎవరైనా ఈ సంగతి చెప్తే అర్జీ నిలవదండీ. అందరూ సినిమావాళ్లే కదా ఇక్కడ, తెలియనివాళ్లెవరు?"

"మరి ఏ ఫోటో పెట్టమంటారండీ?"

"అదే ఆలోచిద్దాం" అన్నాడు వెంకటేశ్వరరావు. "తొందరేముంది?"

ఆ మాట అనేశాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది. శారదాదేవి సున్నుండలు చేసిందనీ, అనసూయమ్మ చేత పంపుతామనీ చెప్పి పెట్టేశాడు.

ఆదివారం త్రినాథరావు కెమెరా తీసుకుని వెళ్లాడు. ఎందుకు తీసుకెళ్లాడో ఆయనకూ తెలియదు. ఆ వేళకు చెయ్యి దానంతట అదే అందుకుంది. బోర్డు దగ్గర ఆయన చోటు ఖాళీగా లేదు. పది పన్నెండుమంది కుర్రాళ్లు కెమెరాలతో నిలబడ్డారు. ఇద్దరు బోర్డు స్తంభానికి సంచులు తగిలించారు. ఒకడు నేలమీద బోర్లా పడుకుని, తెల్లరంగు పెచ్చుల మీద మోచేతులు ఆనించాడు. గ్రూపు నుంచి ఆ ఫోటో ఇన్‌స్టాలోకి వెళ్లింది. ఈ మలుపు ఎక్కడని అందరూ అడిగారు. ఎవరో చెప్పారు.

పచ్చబండి ఒకటి వచ్చింది. తరవాత తెల్లది. ముందెప్పుడూ ఇటు రాని బండ్లు. వచ్చినవి కింద షేక్‌పేట దాకా పోయి, తిరిగి పైకెక్కి, మళ్లీ దిగుతున్నాయి.

నారింజరంగు బండి పైకెక్కుతూ ఆయన పక్కన ఆగింది. అద్దం దిగింది. కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. మొహం మంచిగా ఉంది.

"త్రినాథరావు అంకుల్ మీరేనా? నేను రిత్విక్. ఆ పిక్ మీరే తీశారంట కదా! లెజెండ్ అంకుల్ మీరు. నాన్న ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాడు."

"షట్టరు ఎంతలో పెట్టారు సార్?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"అరవై" అన్నాడు త్రినాథరావు. కుర్రాళ్లందరి వేళ్లూ ఒక్కసారి కెమెరాల మీద తిరిగాయి.

ఆయన బండి కిటికీ దగ్గరికి వంగాడు. ఇంజను వేడి కాళ్లకు తగులుతోంది.

"బాబూ, ఇక్కడ స్పీడ్ బ్రేకరు ఉండేది."

"అమ్మో, తెలుసంకుల్! నరకం అది. ఎంత స్లోగా దించినా కింద గీసుకుపోయేది. నాన్న చెప్పి తీయించేశాడు."

"ఇక్కడే మా ఆవిడ..."

"ఆంటీ కూడా వచ్చారా? రమ్మనండంకుల్! బండి దగ్గర ఇద్దరికీ ఒక పిక్ తీయిస్తాను." అతను నిజంగానే అటూ ఇటూ చూశాడు. ఎవరూ కనపడలేదు. వెనక పచ్చబండి హారను కొట్టింది. "ఒక రౌండేసి వస్తానంకుల్. సరిగ్గా రాకపోతే చెప్పండి, మళ్లీ వస్తా. మీరు ఎన్నిసార్లంటే అన్నిసార్లు."

బండి పైకి వెళ్లిపోయింది. త్రినాథరావు వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండి, నిటారుగా లేచాడు.

సినిమాల్లో ఒక్క స్టిల్ కోసం ఎండలో గంటలు నిలబడ్డాడు. ఇంకొక్కటి సార్ అంటే విసుక్కోని హీరో లేడు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు అన్నవాడు ఆయనకు ఇన్నాళ్లకు దొరికాడు.

అవతల పాలబూతు దగ్గరికి అనసూయమ్మ వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఒక చేతిలో పాలు, ఇంకో చేతిలో శారదాదేవి పంపిన స్టీలు డబ్బా. ఇంతమందిని చూసి తెల్లబోయింది. పైనుంచి చప్పుడు మొదలైంది. త్రినాథరావు గబుక్కున చెయ్యి పైకెత్తి ఆగమన్నాడు. ఆమెకు వేరేగా అర్థమయింది. ఆయన నేర్పినట్టే ఒక కాలు ముందుకు పెట్టి, పై వైపు చూస్తూ, నవ్వకుండా నిలబడింది.

బండి మలుపు తిరిగింది. ఆయన మోచేతులు డొక్కలకు చేరాయి. నడుము మెలితిరిగింది. డయలు అరవై మీదే ఉంది. వద్దనుకునేలోపే బండి వ్యూఫైండరులోకి వచ్చి కూర్చుంది. నొక్కాడు. నొక్కాక కూడా తిరిగాడు.

కుర్రాళ్లు ఈలలు వేశారు. అనసూయమ్మ అటూ ఇటూ చూసుకుని, పరుగులాంటి నడకతో రోడ్డు దాటి వచ్చింది. రొప్పుతోంది.

"నేను పడ్డనా సారూ?"

ఆయన తెర మీద చూశాడు. మొన్నటిదానికంటే బాగా వచ్చింది. బండి మీద వెంట్రుకవాసి వణుకు లేదు. పాలబూతు ఉండాల్సిన చోట నీలం గీతలు, వాటి పక్కన కరెంటు స్తంభం బూడిదరంగు గీత. ఆ రెంటి మధ్య వేలెడు ఆకుపచ్చ చార ఉంది.

"ఏదీ, నాకు జూపెట్టుండ్రి."

త్రినాథరావు చార మీద వేలు పెట్టాడు. అనసూయమ్మ తెర దగ్గరికి మొహం తెచ్చి చూసింది. నమ్మకం లేక ఆయన మొహంలోకి చూసి, మళ్లీ తెర చూసింది. స్టీలు డబ్బాను చంకలోకి మార్చుకుంది.

"గింతేనా" అంది.

"అంకుల్, మళ్లీ వస్తున్నాడు! రెడీ!" అని ఎవరో అరిచారు.

త్రినాథరావు అనసూయమ్మ చేతిలో పాలసంచి అందుకుని, భుజం పట్టి ఆమెను బోర్డు వెనక్కు జరిపాడు. కుర్రాళ్లందరూ మోచేతులు దగ్గరికి లాక్కుని, నడుములు పై వైపు మెలితిప్పారు. చప్పుడు మలుపులో చీలింది. అన్ని కెమెరాలూ ఒక్కటిగా తిరిగాయి.

ఆయన తిరగలేదు. కెమెరా మెడలో వేలాడుతోంది. బండి కళ్ల ముందునుంచి నారింజరంగు మరకలా పోయింది. అవతల పాలబూతు ఉంది. దాని ముందు ఎవరూ లేరు.